పైనుంచి మూడో వరుస

బాలమ్మకు అక్షరం ముక్క రాదు. అయినా సికింద్రాబాద్ పాత కోర్టు ఆవరణలో, జెండా గద్దె పక్కన గడ్డిలో నిలబెట్టిన తెల్ల పాలరాతి పలక మీద ఏ వరుసలో ఎవరున్నారో అడిగితే కళ్ళు మూసుకుని చెప్పేది. మొదటి వరుస సీతాఫల్‌మండి బడిపంతులు కొడుకు. రెండోది మెట్టుగూడ రైల్వే గార్డు తమ్ముడు. మూడోది తన అన్న ఓంప్రకాశ్. ఆ కింద ఇంకో ఎనిమిది మంది. పదకొండు మందీ ఈ చుట్టుపక్కల బస్తీలవాళ్ళే. అరవై ఐదులో కొందరు, డెబ్బై ఒకటిలో కొందరు యుద్ధానికి పోయి తిరిగిరానివాళ్ళు.

వాయిదాలకు వచ్చే జనం ఆ రాతిని పట్టించుకునేవాళ్ళు కాదు. దాని నీడలో టిఫిన్ డబ్బా విప్పుకునేవాళ్ళు కొందరైతే, దానికి కాగితం ఆనించి సంతకం పెట్టేవాళ్ళు కొందరు. బాలమ్మ ఒక్కతే దానికి మనిషికి చేసినట్టు సేవ చేసేది. రాయికి సేవేమిటి, అందులోనూ యాభై ఏళ్ళా అని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ సంగతి తెలియాలంటే ఆమె తల్లి దగ్గరికి పోవాలి.

ఓంప్రకాశ్ ఫౌజులో లారీ నడిపేవాడు. డెబ్బై ఒకటి చలికాలంలో టెలిగ్రాం వచ్చింది. అప్పుడు బాలమ్మకు పన్నెండేళ్ళు. చిలకలగూడలో ఓ పెద్దింటి వెనక గదిలో తల్లీకూతుళ్ళు అద్దెకుండేవాళ్ళు. రెండిళ్ళవతల రామభద్రరావు అనే వకీలు ఉండేవాడు, రాజమండ్రి వైపు నుంచి వచ్చిన మనిషి. టెలిగ్రాం ఆయనే చదివి, చదివింది పైకి చెప్పలేక గుమ్మంలో కూలబడిపోయాడు. శవం రాలేదు. బూడిదా రాలేదు. వాడి పెట్టె కూడా రాలేదు.

"మట్టి చేసుకోనీకి నా కొడుకు నాకు దొరకలే సారూ. పెత్రమాస నాడు నేను యాడ పెట్టాలె ఇస్తరి?" అని ఆ తల్లి వకీలును పట్టుకుని ఏడ్చేది. పెత్రమాస అంటే చనిపోయినవాళ్ళకు ఏడాదికోసారి అన్నం పెట్టే అమావాస్య. అందరూ తమవాళ్ళను సాగనంపిన చోటికి పోతుంటే ఈమెకు పోవడానికి చోటు లేదు.

ఆ మాట వకీలు మనసులో దిగబడిపోయింది కాబోలు. రెండేళ్ళు తిరిగి తిరిగి, బస్తీ పెద్దలను కూడగట్టి, కోర్టు గడ్డిలో ఆ పలక పెట్టించాడు. సర్కారు కాగితం ఏదీ లేదు. ఏ ఇంట్లో పిల్లవాడు పోయాడో ఆ ఇంటికి పోయి పేరు అడిగి రాసుకున్నదే జాబితా. పలక నిలబెట్టిన రోజు ఓంప్రకాశ్ తల్లి చూపుడువేలు పట్టుకుని రాతి మీద ఆనించాడు.

"ఇదిగోనమ్మా మీవాడు. పైనుంచి మూడు. గుర్తుపెట్టుకోండి."

ఆమె గుర్తుపెట్టుకుంది. కొడుక్కి సమాధి దొరికింది కదా, దాన్ని ఉత్త రాయిగా ఎట్లా వదిలేస్తుంది? ఇంట్లో దేవుడి ఇత్తడి సామాను ఎట్లా తోముతుందో రాతినీ అట్లాగే తోమింది. నానబెట్టిన చింతపండు, గుప్పెడు ఉప్పు, మెత్తగా దంచిన ఇటుక పొడి, కొబ్బరి పీచు. అమావాస్య అమావాస్యకు పలక మొత్తం. గురువారం గురువారం మూడో వరుస ఒక్కటీ, టెలిగ్రాం వచ్చింది గురువారం కనుక. తోమి, కడిగి, పసుపు రాసి, వేలితో వరుస తడిమి అప్పుడు ఇంటికి పోయేది. తల్లి చెయ్యి చూసి బాలమ్మ నేర్చుకుంది.

పెళ్ళయ్యాక రైల్వే ఆసుపత్రిలో ఆయా పని దొరికేటట్టుంటే బాలమ్మ వద్దంది. కోర్టులో ఊడ్చే పని ఉందని తెలిసి అందులో చేరింది. మొగుడు నెత్తి కొట్టుకున్నాడు.

"క్వార్టర్ ఇస్తరు, బట్టలిస్తరు, అది ఇడిసిపెట్టి గీ చీపురు కట్ట పడ్తవా? పిచ్చిదానా!"

"ఆడ మా అన్న ఉన్నడా?"

ఆయన నవ్వేశాడు. స్టేషన్లో సామాన్లు మోసే మనిషి, నవ్వులాట మనిషి. అప్పటినుంచి ఆయనకు అదో ఆట అయింది. "నీ అన్నకు రాసే చింతపండు జెర నా పప్పుచారుల పడితే నేను సుత తెల్లగయ్యేటోన్ని గదనే" అనేవాడు. పోయేదాకా అంటూనే ఉన్నాడు.

కోర్టులో పని దొరికాక గురువారం లెక్క పోయింది. పొద్దున ఆరున్నరకు గేటు తీస్తారు. వకీళ్ళు రాకముందు గంట సేపు ఆవరణంతా బాలమ్మదే. మిగతా పది మందికి నెలకోసారి తలంటు, ఓంప్రకాశ్‌కు రోజూ స్నానం. ఏళ్ళు పోతున్న కొద్దీ మూడో వరుస మిగిలిన రాతికన్నా తెల్లగా, నున్నగా మెరిసేది. "ఎట్ల మెరుస్తున్నడో చూడు" అని మురిసిపోయేది. ఈ ఐదారేళ్ళుగా వేలు పెట్టి తడిమితే ఏమీ తగిలేది కాదు. ముప్పై ఏళ్ళు చీపురు పట్టిన చెయ్యి కదా, వేలే మొద్దుబారిందనుకుంది.

తల్లి పోయి పదిహేనేళ్ళు. తలగడ కింద గుడ్డసంచి ఉండేది, అందులో టెలిగ్రాం, కొడుకు రాసిన రెండు ఉత్తరాలు, ఫౌజు వాళ్ళు పంపిన కాగితాలు. ఒక్కటీ చదవలేని మనిషి, వాటి మీద తల పెట్టకుండా ఒక్కరోజు పడుకోలేదు. ఆమెను పాడె మీద పడుకోబెట్టాక బాలమ్మ ఆ సంచి తెచ్చి తల్లి గుండెల మీద పెట్టింది.

"నీ కొడుకును నీ ఎంట తీస్కపో అమ్మా. నాకు రాయి ఉన్నది."

అందరూ కళ్ళు తుడుచుకున్నారు. ఎంత మంచి బిడ్డ అన్నారు. సంచి తల్లితోపాటు కాలిపోయింది.

ఇక ఈ ఏడాది సంగతి. పని మానేసి ఆరేళ్ళయినా బాలమ్మ పొద్దున్నే రావడం మానలేదు. ఎండాకాలం మొదట్లో ఒకనాడు పీచు పట్టుకుని కూర్చుని ఉండగా నాజర్ మధుసూదన్ వచ్చాడు. కోర్టు సామానూ ఆవరణా చూసుకునే ఉద్యోగి, మర్యాదస్తుడు. చేతిలో అట్ట, కాగితం.

"అవ్వా, నీకు మంచి మాట చెప్తున్న. గడ్డి అంతా కొత్తగ చేస్తున్నరు. ఈ రాయి పాతబడ్డది, పగుళ్ళు వచ్చినయి. నల్ల గ్రానైట్ పెడ్తరట, పంద్రా ఆగస్టుకు. పేర్లు రాస్కపోదామని వచ్చిన."

"మరి మావోని పేరు?"

"అందరియీ అవే పేర్లు. దీని మీద ఉన్నయన్నీ దాని మీద ఎక్కుతయి."

"అయితే పైకి చదువున్రి సారూ. నేను సుత వింట."

పలక నిలబెట్టిననాడు వకీలు చదివి వినిపించాక, యాభై ఏళ్ళలో ఆ పేర్లు ఎవరైనా పైకి చదవగా ఆమె వినడం మళ్ళీ అదే మొదలు. మధుసూదన్ వంగి, కళ్ళద్దాలు సవరించుకుని మొదటి పేరు చదివాడు, రాసుకున్నాడు. రెండోది చదివాడు, రాసుకున్నాడు. ఆ తర్వాత చదివింది బాలమ్మ ఎరిగిన నాలుగోవాడి పేరు.

"సారూ, ఒకటి ఎగ్గొట్టిన్రు."

"యాడ?"

"గిక్కడ. మూడోది." బాలమ్మ వేలు పెట్టి చూపించింది.

ఆయన ఇంకా వంగాడు. అరచేత్తో తుడిచాడు. పక్కకు జరిగి, వెలుతురు వాలుగా పడేటట్టు చూశాడు.

"ఇక్కడేం లేదు కదా అవ్వా. ఖాళీ ఉన్నది."

"ఖాళీ ఏందీ! మంచిగ చూడున్రి. ఓంప్రకాశ్ అని ఉంటది."

"ఖాళీ అవ్వా."

ఆ ఖాళీ ఎట్లా వచ్చిందో రెండు రోజుల తర్వాత తెలిసింది. కొత్త రాయి చెక్కే పని జకర్యాకు ఇచ్చారు. శ్మశానం గోడ పక్కన చిన్న కొట్టు పెట్టుకుని సమాధి రాళ్ళు చెక్కే మనిషి. కొలతలు తీసుకుందామని వచ్చినవాడు పాత పలకను చూడగానే నిలబడిపోయాడు.

"ఇది మా నాయన చెయ్యి. మా నాయన చెక్కిన గీత నేను గుర్తుపడ్త" అన్నాడు సంబరంగా. తర్వాత మూడో వరుస మీద బొటనవేలు పెట్టి రాశాడు. ఆ సంబరం పోయింది. "దీన్నెవరు తోమిన్రు?"

"నేనే అన్నా. ముందుగాల మా అమ్మ, తర్వాత నేను" అంది బాలమ్మ, కాస్త గర్వంగానే.

"దేంతోని?"

"చింతపండుతోని. ఇటుక పొడి, ఉప్పు. దేవుని సామాను లెక్క."

జకర్యా కొలత టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

"పాలరాతికి పులుపు పడదక్కా. తింటది. ఉప్పు కలిపి, ఇటుక పొడి పెట్టి రుద్దితే..." ఆగాడు. "మిగిలినయి జెర అరిగినయి గని చదవొస్తయి. ఇది మొత్తం పోయింది."

బాలమ్మ అతని మొహం చూసింది. ఆ తర్వాత తన చేతులు చూసుకుంది. పీచు ఇంకా చేతిలోనే ఉంది, చింతపండు రసం కారుతూ.

"అంటే నేనే..."

"నీకు తెల్వదు గదక్కా."

"మా అన్నను నేనే తుడిచేసిన్నా?"

జకర్యా వంగి రాతి అడుగున గడ్డి పీకసాగాడు. కొలతలు రాసుకుందామని పక్కనే నిలబడ్డ మధుసూదన్ కాగితాలు సర్దుకున్నాడు. ఇద్దరూ మంచివాళ్ళే. మంచివాళ్ళకు అబద్ధమాడే తెలివి సమయానికి తట్టదు.

ఆ సాయంత్రం కూతురు వసుధ బేగంపేటలో ఆఫీసు నుంచి వచ్చి, చెప్పులు విప్పకముందే సంగతంతా విని ఫోను తీసింది. "టెన్షన్ పడకమ్మా. నిన్ను ఆ రాయి పక్కన నిలబెట్టి ఫొటో తీసిన గదా, బతుకమ్మ అప్పుడు." వెతికింది. దొరికింది. ఐదేళ్ళ కిందటి ఫొటో. రెండు వేళ్ళతో పెద్దది చేసింది, ఇంకా పెద్దది చేసింది. బాలమ్మ నవ్వు మొహం, పక్కన పలక, పలక మీద తెల్లటి పట్టీ.

"ఇందుల సుత లేదా?"

వసుధ ఫోను బోర్లించి పెట్టింది.

ఆ పిల్ల ఊరుకునే రకం కాదు. పేర్లు రాసుకున్న పాత జాబితా కోసం వకీలు రామభద్రరావు ఇంటికి పోయింది. అక్కడ అపార్ట్‌మెంటు లేచి పుష్కరం దాటింది, ఆయన పిల్లలు ఎక్కడున్నారో వాచ్‌మన్‌కు తెలియదు. ఆదివారం తల్లిని తీసుకుని సైనిక్‌పురిలో దేవానందం అనే రిటైర్డ్ సుబేదారు ఇంటికి పోయింది. ఆయన చాయ్ ఇప్పించి, అంతా ఓపికగా విన్నాడు.

"నంబర్ చెప్పమ్మా. జవాన్‌కు పేరు కంటె ముందు నంబర్ ఉంటది. నంబర్ ఉంటే పది రోజుల్ల నేనే కాయితం తెప్పిస్త."

"నంబర్ యాడుంటది సార్?" అంది వసుధ.

"ఇంటికొచ్చిన ప్రతి కాయితం మీద ఉంటది. టెలిగ్రాం మీద ఉంటది. రాసిన ఉత్తరం మీద సుత ఉంటది."

వసుధ తల్లి వైపు చూడకుండా ఉండటానికి గోడ మీది గడియారం వైపు చూసింది. బాలమ్మ సాసర్‌లో చాయ్ పోసుకుని, తాగకుండా, చల్లారిందాకా పట్టుకుని కూర్చుంది. సుబేదారు ఉట్టి పేరు మీదే ఒక అర్జీ రాసి పంపాడు. దానికి జవాబు రాలేదు.

మిగిలింది నోటి సాక్ష్యం. కొత్త రాయి పెట్టించే కమిటీ వాళ్ళను మధుసూదన్ అడిగి వచ్చాడు. "అరిగిన వరుసల ఎవరి పేరుండెనో తెల్వదు, వట్టి నోటి మాట మీద ఒక్క పేరు ఎక్కిస్తే రేపు గేటు ముంగట లైను కడ్తరు అంటున్నరు అవ్వా. అయినా నేను బతిమాలిన. మీ ఇంటోళ్ళు గాని అప్పటి మనిషి ఎవరన్నా వచ్చి, నాకు తెలుసని చెప్పి సంతకం పెడితే చూస్తమన్నరు."

ఓంప్రకాశ్‌ను ఎరిగిన అప్పటి మనిషి ఒక్కతే మిగిలింది. ఒకప్పుడు వాళ్ళు అద్దెకున్న ఇంటి యజమానురాలు వీరరాఘవమ్మ. ఎనభై ఎనిమిదేళ్ళు. పళ్ళు లేవు కానీ మాటకు లోటు లేదు. ఆటోలో తీసుకొస్తుంటే దారి పొడుగునా ఓంప్రకాశ్ కబుర్లే. వాడు గోడ దూకి జామకాయలు కోసింది, ఆవిడ నీళ్ళ బిందె పగలగొట్టింది. బాలమ్మ ఆ కబుర్లు వింటూ చాలా రోజుల తర్వాత నవ్వింది. ఈమెకు అన్నీ గుర్తున్నాయి, ఇక పని అయినట్టే అనుకుంది.

మధుసూదన్ కుర్చీ వేయించి, కాగితం పెట్టుకున్నాడు. "అమ్మా, ఓంప్రకాశ్ అనే మనిషి మీకు తెలుసా?"

"తెలియకపోవడమేం నాయనా! నా చేతులమీదుగా పెరిగాడు. చక్కటి పిల్లాడు."

మధుసూదన్ రాసుకున్నాడు.

"యుద్ధంల పోయిండని తెలుసా?"

"యుద్ధమా?" వీరరాఘవమ్మ బాలమ్మ వైపు తిరిగింది. "యుద్ధానికెప్పుడు పోయాడే? వాడు మీ అమ్మతో పోట్లాడి బొంబాయి పారిపోయాడు కదా! మళ్ళీ వచ్చాడేమిటి?"

బాలమ్మ కుర్చీ పక్కకు వచ్చి వంగింది.

"అది అంతకుముందు అమ్మా" అంది బాలమ్మ. "పద్దెనిమిదేండ్లప్పుడు. మూడు నెలలకే తిరిగొచ్చిండు గదా. ఆ తర్వాతనే ఫౌజుల చేరిండు. టెలిగ్రాం వచ్చిననాడు నువ్వే గద మా అమ్మ నోట్లె నీళ్ళు పోసినవు. యాది లేదా?"

"నీళ్ళు పోశాను. పోశాను. బొంబాయి నుంచి కదూ ఆ టెలిగ్రాం?"

మధుసూదన్ పెన్ను ఆగిపోయింది. ఆయన ఆ కాగితం చింపలేదు, చింపి ఉంటే బాగుండేది. సాక్షి చెప్పింది చెప్పినట్టు రాసి, కింద వేలిముద్ర వేయించుకున్నాడు, అది ఆయన పని. ఆ కాగితం కమిటీకి పోయింది. ఇప్పుడు ఓంప్రకాశ్ గురించి వీళ్ళకు అందే ఒకే ఒక్క కాగితం అదే. అందులో అతను బొంబాయి పారిపోయిన మనిషి.

తిరిగి పోతుంటే ఆటోలో వీరరాఘవమ్మ బాలమ్మ చెయ్యి పట్టుకుంది. "ఏమే, నేను చెప్పింది బాగుందా? పనవుతుందా?"

"బాగుందమ్మా. అయితది."

పంద్రా ఆగస్టు నాడు కొత్త రాయి మీది గుడ్డ తీశారు. నల్లగా, అద్దంలా, మనిషంత ఎత్తున ఉంది. మధుసూదన్ పట్టుబట్టి బాలమ్మకు రెండో వరుసలో కుర్చీ వేయించాడు. మైకులో ఒక్కో పేరే చదువుతుంటే ఆ ఇంటివాళ్ళు లేచి పువ్వు పెట్టి వస్తున్నారు. మొదటి పేరు. రెండో పేరు. ఆ తర్వాత మైకు గరగరమనగానే బాలమ్మ కాళ్ళు వాటంతటవే లేచాయి. చేతిలో బంతిపువ్వుతో రెండడుగులు వేసింది కూడా. పిలిచిన పేరు వేరేవాళ్ళది. ఎవరో ముసలాయన మనవరాలి భుజం పట్టుకుని లేచి వస్తున్నాడు. వసుధ తల్లి కొంగు పట్టి వెనక్కి లాగింది.

"కూసో అమ్మా."

కూర్చుంది. పది పేర్లు అయ్యాయి. చప్పట్లు అయ్యాయి. పాత పలక ఏమైందని అడిగితే, తవ్వేటప్పుడే నాలుగు ముక్కలైందనీ, మట్టితోపాటు ట్రాక్టర్‌లో పోయిందనీ చెప్పారు. ట్రాక్టర్ ఎక్కడ పోసిందో ఎవరికీ తెలియదు. జకర్యా మాత్రం జెండా గద్దె వెనక నిలబడి ఉన్నాడు, దగ్గరికి రాలేదు.

ఆ తర్వాత నెలన్నర బాలమ్మ కోర్టు వైపు పోలేదు. పొద్దున ఆరింటికి మెలకువ వచ్చేది, ఏం చెయ్యాలో తోచక పరేషాన్ అయ్యేది. ఒక్కోసారి ఉన్నట్టుండి కూతుర్ని అడిగేది. "వసుధా, మీ మామ ఫౌజుల పోయిండు గదా? బొంబాయి నుంచి తిరిగొచ్చిండు గదా? నాకు మంచిగనే యాది ఉన్నది గదా?"

"నేను పుట్టలే గదమ్మా అప్పటికి" అనేది వసుధ.

పెత్రమాస వచ్చింది. మోండా మార్కెట్ నిండా తంగేడు పువ్వు, గునుగు పువ్వు. ఆ సాయంత్రమే బతుకమ్మ. బాలమ్మ తెల్లారుజామున లేచి గారెలు వండింది, అన్నకు ఇష్టమని తల్లి ఏటా వండేది. విస్తరిలో సర్ది, పైన ఆకు కప్పి, ఎవరికీ చెప్పకుండా కోర్టుకు నడిచింది. సెలవు రోజు కాదు. మధుసూదన్ అప్పటికే వచ్చి మెట్ల మీద ఉన్నాడు. ఆమెను చూసి దిగి వచ్చాడు.

నల్ల రాయి చుట్టూ ఇనుప గొలుసు కట్టారు. ఆయన ఆ గొలుసు ఒక కొన విప్పాడు.

"పోయి కూసో అవ్వా. కడుగుతా అంటే కడుగు. ఎవరన్నా ఏమన్నా అంటే నా పేరు చెప్పు. ఇది పాలరాయి గాదు, గ్రానైట్. దీనికేం గాదు. నీళ్ళు తెప్పియ్యనా?"

బాలమ్మ గొలుసు దాకా పోయి ఆగిపోయింది. రాతిలో ఆమె నీడ కనిపిస్తోంది, నీడ మీదుగా పది వరుసలు. పైనుంచి లెక్కపెట్టింది. ఒకటి. రెండు. మూడోది ఎవరిదో.

"వద్దు సారూ."

"ఏం గాదంటున్న గదా."

"వీళ్ళకు సుత ఇండ్లల్ల అక్కలో చెల్లెండ్లో ఉంటరు. నా చెయ్యి మంచిది గాదు సారూ. నేను ముట్టను."

ఆయన గొలుసు పట్టుకునే నిలబడ్డాడు. బాలమ్మ విస్తరిని రెండు చేతులా గట్టిగా పట్టుకుంది, ఒక్క చెయ్యి వదిలినా అది పోయి రాతిని తాకుతుందేమో అన్నట్టు. ఎవరి ముందు పెట్టాలో తెలియలేదు. కాసేపటికి వకీళ్ళ బండ్లు లోపలికి రావడం మొదలైంది. ఆమె పక్కకు జరిగి దారి ఇచ్చి, గారెల మీది ఆకు ఎగిరిపోకుండా గడ్డంతో అదిమిపెట్టుకుని గేటు దాటింది.